నిదానంగా మాట్లాడడం కూడా పోలీసు విద్యే

పిల్లలూ,

మతి చెదిరిన మనిషి చేతిలో కత్తి ఉంటే పోలీసులు ఏం చెయ్యాలని అడిగారుగా. అమెరికాలోని మెంఫిస్ నగరం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

1987లో అక్కడ మానసిక జబ్బు ముదిరిన 27 ఏళ్ల యువకుడొకడు కత్తితో తనకు తానే హాని చేసుకుంటున్నాడు. పోలీసులొచ్చి కత్తి పారెయ్యమని గద్దించారు. అతను ఇంకా బెదిరిపోయి వాళ్ల మీదికి ఉరికాడు. కాల్చేశారు. ఊరు భగ్గుమంది. మరుసటి ఏడాది పోలీసులు, డాక్టర్లు, రోగుల కుటుంబాలు కలిసి ‘క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్’ పెట్టారు, అంటే ఇలాంటి వేళ వెళ్లి నిదానంగా సముదాయించే పోలీసు బృందం.

శిక్షణ 40 గంటలు, అదీ ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లకే. అందరు పోలీసులకీ ఆ ఓపిక ఉండదని మొదటే ఒప్పుకున్నారు చూడండి, అది నాకు నచ్చింది. జబ్బుతో బతుకుతున్నవాళ్లే వచ్చి తమ అనుభవం చెబుతారు. ఈ పద్ధతి పాకిన చాలా ఊళ్లలో ఇంకో అభ్యాసం కూడా ఉంది. పోలీసు చెవులకు ఇయర్‌ఫోన్లు పెడతారు. జబ్బున్న కొందరికి లేని గొంతులు వినపడ్డట్టే, అందులో గుసగుసలు, తిట్లు ఆగకుండా వినిపిస్తుంటాయి. ఆ గోలలోనే ఫారం నింపాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆ పూట గడిచాక ‘చెబుతుంటే వినపడదా?’ అని ఎవరినైనా కసరబుద్ధవుతుందా!

తర్వాత నాటకంలా వేషాలు కట్టి సాధన. సైరన్ ఆపాలి, కాస్త దూరంగా నిలబడాలి, ఒక్కరే మాట్లాడాలి, తన పేరు చెప్పాలి, తొందరపడకూడదు.

అయితే ఇంత నేర్చినా, తీసుకెళ్లిన మనిషిని ఆసుపత్రి చేర్చుకోకపోతే దండగే. మెంఫిస్‌లో పోలీసు తెచ్చిన ఎవరినీ వెనక్కి పంపకుండా ఒక ఆసుపత్రితో ముందే మాట్లాడుకున్నారు. నన్నడిగితే సగం విజయం అక్కడే ఉంది.

మన దగ్గరా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. జబ్బుతో దిక్కుతోచక తిరిగేవాళ్లను లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. అర్ధరాత్రి మారుమూల స్టేషన్లో ఒంటరి కానిస్టేబుల్ ఇదంతా ఎలా చేస్తాడన్నది వేరే సంగతి. ‘నిన్ను ఎర్రగడ్డ పంపాలి’ అని వెక్కిరించుకునే మనం అతనికి పెద్దగా సాయపడేదీ లేదు.

మీ వీధిలో ఎప్పుడైనా అలా జరిగితే దగ్గరికి వెళ్లకండి, వీడియోలు తియ్యకండి, పెద్దవాళ్లను పిలవండి. 112కి చేసేవాళ్లు ‘గొడవ చేస్తున్నాడు’ అని వదిలెయ్యకుండా, జబ్బు సంగతీ, ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడో కూడా చెప్పాలి. అంతదాకా రాకముందే మాట్లాడాలంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ
పెదనాన్న