గడ్డి దాచుకున్న పాతర

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్లో కాలిపోయిన గుట్టలు చూపిస్తే, "తాతా, అంత గడ్డి ఎవరు తగలబెట్టారు? పోలీసులు పట్టుకోలేదా?" అని చిన్ని అడిగింది. పట్టుకోరమ్మా. తగలబెట్టింది ఆ గడ్డిని నమ్ముకుని పశువుల్ని మేపుకునే రైతులే.

ఇక్కడ అమెరికాలో మీ అత్తావాళ్లుండే కాన్సస్‌లో ఫ్లింట్ హిల్స్ అని గుట్టలున్నాయి. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. ఆ రాళ్లలో నాగలి సాగలేదు, అందుకే పాత పచ్చిక మిగిలింది. ఇలాంటి నిలువెత్తు గడ్డినేల ఈ దేశం నడుమ ఒకప్పుడున్న ప్రతి 100 ఎకరాల్లో ఇప్పుడు 4 ఎకరాలు కూడా మిగల్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే దానికి నిప్పు పెడతారు. పెట్టకపోతే మన బీళ్లను సర్కారు తుమ్మ కమ్మినట్టు సీడర్ చెట్లు కమ్మేస్తాయి.

మరి గడ్డి చావదా? చావదు. దాని పాతర కింద ఉంది.

పాతరంటే మీకు తెలీదు కదూ. మా వాకిట్లో మనిషిలోతు గుంత ఉండేది. లోపల చొప్ప పరిచి జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టి కప్పేవాళ్లు. దాని మీదే మేం గోలీలాడేవాళ్లం. తెరిచిన వెంటనే ఎవర్నీ దిగనిచ్చేవాళ్లు కాదు. మా నాయన లాంతరు వెలిగించి తాడుతో దించేవాడు. అది ఆరిపోతే ఆ పూటకి పని బంద్. ఆరకపోతే సన్నగా ఉంటానని నన్ను దించేవాళ్లు. ఆ ఉక్క, ఆ ముక్క వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక ఏడు మా కొట్టం కాలిపోయింది. మా అవ్వ ఏడవలేదు. పాతర బండ మీద కూర్చుని, "జొన్నలున్నాయి లేరా" అంది.

ఈ గడ్డీ అంతే. కాలింది కొట్టం. వేళ్లు 10 అడుగుల లోతు దాకా దిగి ఉంటాయి, చిగురు వేసే కణుపు కూడా మట్టి చాటునే ఉంటుంది. వేసవంతా ఆకులు సంపాదించింది చలికాలానికి ముందే కిందికి చేర్చేస్తుంది. మీ హుండీల్లా పండక్కి ముందే ఖాళీ కాదు! నేల నల్లబడితే ఎండకి తొందరగా వేడెక్కుతుంది. పది రోజులు పోయి అదే కంకర రోడ్డున వెళ్తే, మసిలోంచి సూదుల్లా పచ్చగా లేచి ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, మీ మామయ్య రెండుసార్లు హారన్ కొట్టాడు.

బాబీ, నువ్వడిగిన పిట్టల సంగతి. రోడ్డంచు కంకరలో కిల్‌డీర్ నాలుగు గుడ్లు పెట్టింది. మన తీతువుకి చుట్టమే, మెడలో రెండు నల్ల పట్టీలు. గుడ్లు అచ్చం గులకరాళ్లే, కాలు వెయ్యబోయి ఆగాను. నన్ను చూడగానే రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, నారింజ రంగు తోక విప్పి అరుస్తూ పక్కకి పోయింది. పాపమని వెంట నడిచాను. గుడ్లకి దూరమయ్యానో లేదో, రివ్వున ఎగిరిపోయింది. ఈ వయసులో నన్ను మోసం చేసింది చూశారా!

ఈ ఆదివారం చేనిగట్టు మీద గరిక చూడండి, ఎండిపోయి ఉంటుంది. నీళ్లు పోసి నాననిచ్చి, తెగకుండా పలుగుతో తవ్వండి. ఎన్ని జానల లోతుందో కొలిచి నాకు రాయండి.

మీ తాత