చూసింది చూసినట్టు చెప్పండి

ప్రియమైన పిల్లలకు,

నేను పిల్లల నరాల డాక్టరుని. నా పని ఎక్కువగా మూర్ఛతోనే. మామూలుగా ఫిట్స్ అంటాం కదా, అదే. మీలో కొందరికి డాక్టరు కావాలని ఉందట. అందుకని ఈ పని ఎలా ఉంటుందో రాస్తున్నాను.

మెదడులో కోట్ల కొద్దీ కణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. ఒక్కోసారి చాలా కణాలు అదుపు తప్పి, అన్నీ ఒకేసారి సంకేతాలు పంపేస్తాయి. అప్పుడు ఫిట్ వస్తుంది. అది మెదడులో ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి చెయ్యి కొట్టుకోవచ్చు, లేని వాసన రావచ్చు, మనిషే పడిపోవచ్చు. ఇది దయ్యమూ కాదు, శాపమూ కాదు. అంటుకునే జబ్బు అసలే కాదు. ఇది మెదడు జబ్బని గ్రీకు వైద్యులు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. ఇప్పటికీ దయ్యం పట్టిందనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

మా పనిలో చిక్కేమిటంటే, పిల్లాడు మా ముందుకొచ్చేసరికి ఫిట్ అయిపోయి ఉంటుంది. వాడు హాయిగా కాళ్లూపుకుంటూ కూర్చుంటాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశాడు. ఆ తరంగాలను గీసి చూపే ఈఈజీ పరీక్ష అలా పుట్టింది. కానీ మూర్ఛ ఉన్నా ఈఈజీ ఒక్కోసారి మామూలుగానే వస్తుంది. అందుకే నేను మిషన్ కంటే ముందు అమ్మానాన్నలు చెప్పేది వింటాను. వాళ్లు ఫోన్‌లో వీడియో తీసి తెస్తే ఇంకా మంచిది.

1841లో ఇంగ్లండ్‌లో విలియం వెస్ట్ అనే డాక్టరు తన పసి కొడుకు తల మాటిమాటికీ ముందుకు వాలిపోవడం గమనించాడు. ఏం చేసినా తగ్గలేదు. చూసింది చూసినట్టు రాసి, ఇలాంటిది ఇంకెవరైనా చూశారా అని వైద్య పత్రికలో తోటి డాక్టర్లను అడిగాడు. ఆ రకం మూర్ఛను ఈనాటికీ ఆయన పేరుతో పిలుస్తాం. దానికి పనిచేసే మందు దొరికింది మాత్రం వందేళ్లు దాటాకే.

కొన్ని ఫిట్స్‌లో పిల్లలు పడిపోరు, కొట్టుకోరు. కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్లీ మామూలైపోతారు. క్లాసులో ‘పరధ్యానం’ అని తిట్లు తింటారు పాపం. అలాంటి పిల్లను గబగబా గట్టిగా ఊపిరి తీసి వదలమంటే చాలాసార్లు మా కళ్లముందే ఆ ఫిట్ వచ్చి, అలా చూస్తూ ఉండిపోతుంది. ఈఈజీలో సెకనుకు మూడు చొప్పున అలలు కనబడతాయి. ఈ జబ్బుకి వాడే మూడు మందులను పోల్చిన పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. వాటిలో రెండు ఫిట్స్‌ను సమానంగా ఆపాయి. ఆ రెండింటిలో పాతదైన ఇథోసక్సిమైడ్ పిల్లల ఏకాగ్రతను తక్కువగా దెబ్బతీసింది. ఫిట్స్ ఆగితే చాలనుకోకుండా, పిల్ల చదువు ఎలా ఉందో కూడా చూశారే, ఆ పరిశోధన అంటే నాకందుకే ఇష్టం.

సరైన మందు పడితే పదిమందిలో ఏడుగురిదాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. మిగతావాళ్లలో కొందరికి ఆపరేషన్, కొందరికి కొవ్వు ఎక్కువగా ఉండే ప్రత్యేక ఆహారం పనిచేస్తాయి. ఎన్ని చేసినా లొంగనివీ ఉన్నాయి. వాటి గురించి ఇంకా వెతుకుతూనే ఉన్నాం.

మీ ఫ్రెండ్‌కి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. పెద్దవాళ్లను పిలిచి, టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. ముందు ఏ చెయ్యి కదిలింది, కళ్లు ఎటు తిరిగాయి, ఎంతసేపు ఉంది అన్నది గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి.

ఇట్లు,
మీ డాక్టరు తాతయ్య