లొకేల్ మారితే లెక్క మారుతుంది

భాషను, ప్రాంతాన్ని బట్టి అక్షరాలు, సంఖ్యలు, వరుసక్రమం ఎలా ఉండాలో ప్రోగ్రామ్‌లకు చెప్పే సెట్టింగే లొకేల్. లైనక్స్ టెర్మినల్‌లో ప్రింట్‌ఎఫ్‌తో 'తెలుగు' అనే మాటను, లెక్కపెట్టే కమాండ్ డబ్ల్యూసీకి పైప్ చేసి, మైనస్ ఎం ఆప్షన్‌తో అక్షరాలు లెక్కపెట్టించండి. యూటీఎఫ్-8 లొకేల్‌లో 6 వస్తుంది. లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువను 'సీ' చేసి మళ్లీ నడిపితే 18! ఆ సెట్టింగ్‌ను డబ్ల్యూసీ ముందే పెట్టాలి. ప్రింట్‌ఎఫ్ ముందు పెడితే దానికే వర్తిస్తుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: యూనికోడ్‌లో ఇవి 6 కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు), ఒక్కోదానికి 3 బైట్లు. సీ లొకేల్‌కు బైటే అక్షరం. మన కంటికి కనిపించే 3 (తె, లు, గు) మాత్రం రెండింట్లోనూ రాదు. దానికి గ్రాఫీమ్ క్లస్టర్లు, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే గుంపులు, తెలిసిన ఐసీయూ లాంటి లైబ్రరీ కావాలి.

సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎప్పుడూ సీ లొకేల్‌లోనే మొదలవుతుంది. సెట్‌లొకేల్ ఫంక్షన్‌ను ఖాళీ స్ట్రింగ్‌తో పిలిచాకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూస్తుంది: ముందు ఎల్‌సీ_ఆల్, తర్వాత ఎల్‌సీ_సీటైప్ లాంటి విడి విభాగాలు, చివరికి లాంగ్. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్, పనులను నిర్ణీత సమయానికి నడిపే క్రాన్‌లో తెలుగును పాడుచేస్తోందంటే మొదట చూడాల్సింది ఇక్కడే. లాగిన్ షెల్‌లోని లాంగ్ విలువ క్రాన్‌కు అందకపోవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం సంఖ్యలతో. జర్మన్ లొకేల్‌లో దశాంశ గుర్తు కామా. అక్కడ స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోడీకి 3.14 ఇస్తే చుక్క దగ్గర ఆగి 3 ఇస్తుంది. ఎర్రర్ రాదు. ఎక్కడ ఆగిందో రెండో ఆర్గ్యుమెంట్ చెబుతుంది, దాన్ని తప్పక చూడాలి. ఫైళ్లలోని సంఖ్యలు చదివేటప్పుడు సంఖ్యల విభాగమైన ఎల్‌సీ_న్యూమరిక్‌ను సీలోనే ఉంచాలి.

టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు. అందుకే టర్కిష్ లొకేల్‌లో జావా భాషలో చిన్న అక్షరాలుగా మార్చే టులోయర్‌కేస్, 'టైటిల్' అనే ఇంగ్లిష్ మాటలోని పెద్ద ఐను చుక్క లేని చిన్న ఐగా మారుస్తుంది. దాంతో మామూలు చిన్న అక్షరాల 'టైటిల్'తో పోలిక తప్పుతుంది. టులోయర్‌కేస్‌కు ఏ భాషకూ చెందని లొకేల్.రూట్ ఇస్తే సరిపోతుంది.

వరుసక్రమం కూడా లొకేల్‌దే. 2018లో, లైనక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 ఆ నియమాలను మార్చింది. యూఎస్ ఇంగ్లిష్ లొకేల్‌లో అంతకుముందు 11 తర్వాత వచ్చే 1-1, ఇప్పుడు ముందుకొస్తుంది. పాత క్రమంలో కట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇండెక్స్‌లు సిస్టమ్ అప్‌గ్రేడ్ తర్వాత, టేబుల్‌లో ఉన్న రికార్డునే లేదనవచ్చు, యూనిక్ కాలమ్‌లో డూప్లికేట్లను రానివ్వవచ్చు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే, కొత్త డేటా చేరకముందే, సీ కొలేషన్‌లో (బైట్ల వరుసక్రమంలో) లేని టెక్స్ట్ ఇండెక్స్‌లన్నిటినీ రీఇండెక్స్ చేయాలి.