ముందు మునిగింది ఎవరు, అడిగింది ఎప్పుడు: మాచ్‌ఖండ్ నుంచి పంప్డ్ స్టోరేజీ దాకా

ఒడిశా జలవిద్యుత్ సంస్థ అప్పర్ కొలాబ్, బలిమెల, అప్పర్ ఇంద్రావతి జలాశయాల దగ్గర పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు తలపెట్టింది. సరిహద్దు దాటితే సీలేరులో ఏపీ జెన్‌కో 1,350 మెగావాట్లది తలపెట్టింది. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడతారు. పొద్దుపోయాక వాడకం పెరిగినప్పుడు అవే నీళ్లు వదిలి టర్బైన్లు తిప్పుతారు. తోడటానికి పట్టే కరెంటులో ఐదో వంతో, నాలుగో వంతో పోతుంది. అయినా బొగ్గు తగ్గాలంటే ఇలాంటివి కావాలి, ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ కోరాపుట్, మల్కనగిరి కొండల్లో సర్వే వాళ్లు దిగారంటే చాలు, ఊళ్లలో టెన్షన్ మొదలవుతుంది. దానికి డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందికి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం అంటే ఉద్యోగమే. ఒనకఢిల్లీలో క్వార్టర్లు, వించ్ ఎక్కి లోయలోని పవర్‌హౌస్‌కు డ్యూటీకి దిగడం, పండగకు విశాఖ బస్సు పట్టుకోవడం. ఆ విద్యుత్ కేంద్రం ఒడిశా నేల మీద ఉన్నా నడిపేది ఆంధ్రా జెన్‌కో. 1940ల్లో మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందంతో మొదలై, 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. సామర్థ్యం 114.75 మెగావాట్లు. మొదట్లో ఆంధ్రా, ఒడిశా వాటాలు 70:30, తర్వాత చెరి సగం. ఈ వాటాల మీద రెండు రాష్ట్రాలూ దశాబ్దాల పాటు ఫైళ్లు నడిపాయి. దీనికి నీళ్లిచ్చే జోలాపుట్ డ్యాం కింద మునిగిన గదబ, పరజ ఆదివాసుల ఊళ్ల వాటా ఎంతన్నది ఏ ఫైల్లోనూ రాలేదు. 1894 నాటి భూసేకరణ చట్టానికి ఊరి ఒప్పుకోలుతో పనిలేదు, ప్రజావసరం అని సర్కారు అంటే చాలు. పరిహారం పట్టా ఉన్నవాడికి. కొండపోడుకు, ఊరుమ్మడి అడవికి పట్టా ఎక్కడిది?

బలిమెల ఇంకో అడుగు ముందుకు పోయింది. 1962లో రెండు రాష్ట్రాల ఒప్పందం, చిత్రకొండ దగ్గర సీలేరు మీద డ్యాం, చెరి సగం నీళ్లు. ఇప్పుడక్కడి విద్యుత్ కేంద్రం 510 మెగావాట్లది. నీళ్లు నిండాక అవతల మిగిలిపోయిన 151 ఊళ్లకు ‘కటాఫ్ ఏరియా’ అనే పేరు స్థిరపడింది. జబ్బు చేసినా, రేషన్ తెచ్చుకోవాలన్నా లాంచీయే దిక్కు. ఆంధ్రా పత్రికల్లో బలిమెల పేరు మోగింది మాత్రం 2008 జూన్‌లో, గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు. ఆ నీళ్లు అక్కడికెలా వచ్చాయో ఎవరూ పెద్దగా రాయలేదు. ఆ ఊళ్లను కలిపే గురుప్రియ వంతెన, పొడవు 910 మీటర్లు, 2018 జులైలో తెరిచారు. డ్యాం పక్కనే బతికే కొన్ని ఊళ్లకు కరెంటు తీగలు కూడా ఆ తర్వాతే చేరాయి.

సునాబెడ దగ్గర చికాపర్ అనే ఊరిని 1968లో మిగ్ ఇంజిన్ల ఫ్యాక్టరీ కోసం లేపారు. వేరేచోట పాతపేరుతోనే మళ్లీ ఊరు కట్టుకుంటే, 1987లో అప్పర్ కొలాబ్, నేవీ డిపోల పేరుతో అక్కడి నుంచీ లేపారు.

అడగాలన్న రూలు 1996లో పీసా చట్టంతో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలన్నారు. ఒడిశాలో దాని నిబంధనల ముసాయిదా బయటికొచ్చింది 2023 నవంబరులో, అంటే 27 ఏళ్లకు! అసలు బలం 2006 అటవీ హక్కుల చట్టానిది. అటవీ భూమి మళ్లించాలంటే గ్రామసభ సమ్మతి తేవాలని 2009 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పింది.

అది కాగితం మీది మాట కాదని తేలింది నియమగిరి కొండల్లో. బాక్సైట్ గని మీద 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే తేల్చమంది. జులై, ఆగస్టు వానల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు పల్లిసభలు (ఒడిశాలో ఊరి సభలు) జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట డోంగ్రియా కంధు ఆదివాసులు ఒక్కొక్కరే లేచి ఆ కొండ తమ దేవుడు నియమరాజుదని చెప్పారు. పన్నెండు చోట్లా వద్దనే అన్నారు. అది కరెంటు ప్రాజెక్టు కాదు, నిజమే. కానీ సోలార్ ప్యానెల్ ఫ్రేముకైనా, కరెంటు తీగకైనా అల్యూమినియం కావాలి, దాని ఖనిజమైన బాక్సైట్ ఈ కొండల్లోనే ఉంది.

తర్వాత రూళ్లు మళ్లీ సడలాయి. 2022 జూన్ నాటి అటవీ సంరక్షణ నియమాలతో, సమ్మతి సంగతి కేంద్రం అనుమతి ఇచ్చాక రాష్ట్రం చూసుకునే పనిగా మారింది. సోలార్ ప్లాంట్లకు, 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్‌కు పర్యావరణ అనుమతే అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదంటే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. గ్రీన్ అనే పేరుంటే చాలు, అడగనక్కర్లేదన్నట్టే ఉంది వరస.

వేరే దారిలో నడిచిన ఊరూ ఇక్కడే ఉంది. సెమిలిగుడ బ్లాకులో, దేవమాలి కొండల్లో పుట్‌సిల్‌కు 1999లో వాగు నీటితో చిన్న మైక్రో హైడల్ వచ్చింది. స్వచ్ఛంద సంస్థల సాయం ఉన్నా శ్రమదానం ఊరిదే, నడిపే కమిటీ ఊరిదే. అడవి నరికితే వాగు ఎండుతుందని, వాగు ఎండితే లైటు ఆరుతుందని అక్కడ ఎవరూ మీటింగు పెట్టి చెప్పాల్సిన పనిలేదు. మధ్యలో మెషీన్ మూలనపడింది, మళ్లీ బాగుచేసుకున్నారు. ఇలాంటివాటితో విశాఖ స్టీల్‌ప్లాంటు నడవదని ఎవరైనా అంటే కాదనను.

పాత జలాశయాన్నే పంప్డ్ స్టోరేజీకి వాడితే కొత్త ముంపు తగ్గుతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ నీటిమట్టం రోజూ ఎక్కిదిగుతుంది. వలేసి బతికేవాళ్లకు, నీరు తీశాక బయటపడే ఒండ్రులో పంటేసేవాళ్లకు ఆ నేల మీద కాగితం ఉండదు కాబట్టి నిర్వాసితుల జాబితాలో పేరూ ఉండదు. పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. ఇక్కడ అంటే ఒడియాలో. ఈ కొండల్లో ఇళ్లలో మాట్లాడేది దేశియా, గదబ, కువి. పల్లిసభ తేదీ వేసే ముందే ఆ నివేదికను వాళ్ల మాటలో ఎవరు చదివి వినిపిస్తారో తేలాలి.