వెళ్లేటప్పుడు ఒక నిబంధన, వచ్చేటప్పుడు మరొకటి: విదేశీ ఎంబీబీఎస్ వెనుక కథ

పరాయి దేశపు వైద్య డిగ్రీని గుర్తించాలా వద్దా అన్న వివాదంలో మొదట బోనులో నిలబడింది మన డిగ్రీలే. 1930లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ వైద్య డిగ్రీలకు గుర్తింపు నిలిపేసింది. ఇక్కడి కాలేజీల్లో విద్యార్థులకు కాన్పులు చేయడంలో సరైన శిక్షణ లేదన్నది దాని ప్రధాన అభ్యంతరం. ఆ దెబ్బతోనే 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మా డిగ్రీని మీరు ఒప్పుకుంటే మీ డిగ్రీని మేం ఒప్పుకుంటాం అన్న ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అప్పుడు మొదలైంది. 1956 చట్టం షెడ్యూళ్లలోనూ, అంటే గుర్తించిన డిగ్రీల జాబితాల్లోనూ, అది కొనసాగింది. షెడ్యూల్లో పేరున్న విదేశీ డిగ్రీతో వస్తే రిజిస్ట్రేషన్ దొరికేది. పరీక్ష లేదు.

సోవియట్ యూనియన్‌లో చదివినవారికి ఈ ఏర్పాటు చాలాకాలం బాగానే నడిచింది. 1960లో మాస్కోలో పీపుల్స్ ఫ్రెండ్‌షిప్ యూనివర్సిటీ ప్రారంభమైంది. స్కాలర్‌షిప్ మీద ఎంపికై వెళ్లినవాళ్లు ముందు రష్యన్ నేర్చుకుని, తర్వాత రష్యన్‌లోనే వైద్యం చదివేవారు. 1991లో ఆ దేశం ముక్కలయ్యాక స్కాలర్‌షిప్ పోయి ఫీజు వచ్చింది, ఎంపిక పోయి కన్సల్టెన్సీ వచ్చింది. విదేశీయుల కోసం ఇంగ్లిష్ మీడియం బ్యాచ్‌లు పుట్టుకొచ్చాయి. ఆ తర్వాత చైనా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్, జార్జియా వరుసలో చేరాయి. ఇక్కడ ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనలేని మధ్యతరగతి తెలుగు కుటుంబాలకు ఇదే దారి అయింది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

2001లో చట్టాన్ని సవరించి రెండు గేట్లు పెట్టారు. వెళ్లేముందు అర్హత పత్రం, వచ్చాక స్క్రీనింగ్ టెస్ట్. కొద్ది మినహాయింపులు తప్ప, 2002 మార్చి 15 నుంచి డిగ్రీ పొందినవారు ఈ పరీక్ష రాయాల్సిందే. దాన్నే ఇప్పుడు ఎఫ్‌ఎంజీఈ (ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్) అంటున్నాం. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 150 ప్రశ్నల చొప్పున రెండు భాగాలు, ఒక్కో దానికి రెండున్నర గంటలు. 300కి 150 వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. అయినా 2023 డిసెంబరు సెషన్‌కు హాజరైనవారిలో ఉత్తీర్ణులు 20 శాతం పైచిలుకే. 2024 డిసెంబరు సెషన్‌లో ఇది 30 శాతానికి చేరువైంది, 2025 జూన్ సెషన్‌లో మళ్లీ 19 లోపు పడిపోయింది.

ఎందుకింత తక్కువ? పిల్లలు చదవలేదని తేల్చేయడం తేలిక, కానీ న్యాయం కాదు. తరగతిలో లెక్చర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. వార్డులో రోగి మాట్లాడేది రష్యన్, చైనీస్ లేదా కిర్గిజ్. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా అని అడగలేని విద్యార్థి ప్రొఫెసర్ వెనక నిలబడి చూస్తాడు, అంతే. పైగా పురుగుమందు తాగిన కేసు, పాముకాటు, డెంగీ లాంటివి రష్యా, కిర్గిజ్‌స్తాన్ లాంటి చోట్ల వార్డుల్లో అరుదు. మన పరీక్షలో అవి తప్పకుండా వస్తాయి. మన జాతీయ టీబీ కార్యక్రమంలో మందుల మోతాదులు అక్కడి సిలబస్‌లో ఉండవు. ఆఖరి ఏడాదిలో ఆన్‌లైన్ కోచింగ్ పెట్టుకుంటే ప్రశ్నలకు జవాబులు వస్తాయి, చేతికి పని మాత్రం రాదు.

2018 నుంచి విదేశానికి వెళ్లడానికీ నీట్ అర్హత తప్పనిసరి చేశారు. విదేశీ ప్రవేశానికి ఆ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. 2020 సెప్టెంబరులో మెడికల్ కౌన్సిల్ స్థానంలో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. 2021 నవంబరు 18న అది ప్రకటించిన నిబంధనలు మొత్తం లెక్కే మార్చేశాయి. ఆ తేదీ తర్వాత చేరినవారికి కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. బోధన ఇంగ్లిష్‌లోనే. శిక్షణలో ఏ భాగాన్నీ మరో దేశంలో చేయకూడదు. అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్సుకు ఆ డిగ్రీ అర్హత ఇవ్వాలి.

ఈ షరతుల దెబ్బ ఎక్కువగా తగిలింది ఫిలిప్పీన్స్‌కు. అక్కడ ముందు బీఎస్ అనే డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిది). బీఎస్‌ను మన ఇంటర్ బైపీసీ స్థాయి చదువుగా చూస్తే మిగిలేది 48 నెలలు. 54కి ఆరు నెలలు తక్కువ. పైగా పరస్పర ఒప్పందం లేని దేశాలవారికి ఆ దేశ చట్టం ప్రకారం వైద్య లైసెన్సు దొరికేది కాదు. బీఎస్‌లో 2021కి ముందు చేరి, ఎండీలోకి ఆ తర్వాత వెళ్లినవారికి ఏ తేదీని ప్రవేశంగా లెక్కించాలన్నది పెద్ద చిక్కయింది. విద్యార్థి చేతిలో లేని విషయానికి విద్యార్థే మూల్యం చెల్లించడం మాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అంతకుముందే కోవిడ్ మొదలైంది. చైనా 2022 ఆగస్టు వరకు మన విద్యార్థులకు తలుపు తెరవలేదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చి ఉక్రెయిన్‌లో చదువుతున్న వేలమంది ఆపరేషన్ గంగాలో ఇల్లు చేరారు. అక్కడే ఇంటర్న్‌షిప్ చేయాలన్న నిబంధన ముందు వాళ్లు నిస్సహాయులయ్యారు. అదే ఏడాది మార్చిలో కమిషన్, మిగిలిన ఇంటర్న్‌షిప్‌ను ఎఫ్‌ఎంజీఈ పాసయ్యాక ఇక్కడ చేసుకోవచ్చంది. కాలేజీ సీట్లకు అదనంగా 7.5 శాతం వరకే ఇలాంటివారిని తీసుకోవాలంది. 150 సీట్ల కాలేజీలో అది 11 మంది. వాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని, ఇక్కడి హౌస్ సర్జన్లతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలని కూడా ఆ సర్క్యులర్‌లోనే ఉంది. ఎవరైనా డబ్బు అడిగితే చూపించాల్సిన కాగితం అదే.

అదే 2022 జూలైలో, కోవిడ్ వల్లో యుద్ధం వల్లో తిరిగొచ్చిన ఆఖరి ఏడాదివారికి రెండేళ్ల ఇంటర్న్‌షిప్ అన్నారు. 2024 జూన్‌లో, ఆన్‌లైన్ తరగతులకు బదులు ప్రత్యక్ష తరగతులు తగినంతగా పూర్తి చేసినవారికి ఒక్క ఏడాది చాలన్నారు. ‘తగినంత’ అంటే ఎంతో తేల్చే పని రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ల మీద పడింది. ఇంటర్న్‌షిప్ ముగిసినా పర్మనెంట్ రిజిస్ట్రేషన్ దక్కక 2025లో విజయవాడలో పట్టభద్రులు ఆందోళనకు దిగింది ఈ పేచీ మీదే.

అందుకే ఇప్పుడు వెళ్తున్నవారు ఆఫర్ లెటర్‌తో మొదలుపెట్టి ప్రతి కాగితాన్నీ తేదీలతో దాచాలి. పాస్‌పోర్టులో ప్రతి ప్రవేశ, నిష్క్రమణ ముద్రకు ఫొటో ఉండాలి. ఏ సెమిస్టర్ ఆన్‌లైన్, ఏది ప్రత్యక్షం, దేనికి ఎన్ని గంటలన్నది ట్రాన్స్‌క్రిప్ట్‌లో స్పష్టంగా రాయించుకోవాలి. డిగ్రీకి అపోస్టిల్ (పత్రం అసలైనదేనని తెలిపే, ఇతర దేశాల్లో చెల్లే ముద్ర) గానీ, భారత రాయబార కార్యాలయ ధ్రువీకరణ గానీ ఆ దేశం విడవకముందే చేయించుకుంటే మేలు. ఐదేళ్ల కోర్సు అని చెప్పే కాలేజీని ఒక్క ప్రశ్న అడగండి: అందులో 54 నెలల చదువు, దానికి పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ విడివిడిగా చూపిస్తారా? మొత్తం ఐదున్నరేళ్లు కావాలి కాబట్టి ఐదేళ్లలో అది కుదరదు.

ఎఫ్‌ఎంజీఈ స్థానంలో రావాల్సిన నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) పరీక్షకు 2023 జూన్‌లో నిబంధనలు వెలువడ్డాయి, జూలైలోనే వాయిదా పడింది. ఇక్కడి విద్యార్థులు, విదేశంలో చదివినవారు ఒకే పేపరు రాయాలన్నది దాని ఉద్దేశం. అది అమల్లోకి వచ్చే రోజుకు ఇప్పటికే మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్నవారి గురించి ముందే స్పష్టంగా చెప్పాలని, చేరిన తేదీ నాటి నిబంధనే వాళ్లకు వర్తించాలని కమిషన్‌ను అడగాల్సిన సమయం ఇదే.