కొవ్వు ఎక్కువై కాదు, గేటు తెరుచుకోక

తిరుపతిలో పొద్దున్నే పేపర్ తెరిస్తే ఒక చిన్న వార్త కనిపిస్తుంది: కొండ మీద ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది అని. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఒక్కసారి కూర్చున్నా అర్థమవుతుంది, కంపార్ట్‌మెంట్ నిండేది జనం ఎక్కువ వచ్చినందుకే కాదు. ముందున్న గేటు తీయకపోయినా నిండుతుంది. నీమన్-పిక్ టైప్ సి అనే పిల్లల జబ్బులో ఈ రెండో సంగతి వైద్యులకు తట్టడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

1914లో బెర్లిన్ పిల్లల డాక్టర్ ఆల్బర్ట్ నీమన్ ఒక పసిబిడ్డ గురించి రాశాడు. కాలేయం, ప్లీహం పెరిగిపోయి పొట్ట ఉబ్బింది. 1920లలో లుడ్విగ్ పిక్ అలాంటి కేసులను పరిశీలించి ఇది వేరే జబ్బు అని తేల్చాడు. కణాల నిండా కొవ్వు. కానీ ఆ కొవ్వు కణంలో ఎక్కడ ఉంటుందో చెప్పేవాళ్లు అప్పట్లో లేరు.

ఆ చోటు దొరకడం కూడా చిత్రమే. బెల్జియంలో క్రిస్టియన్ డి డ్యూవ్ వెతుకుతున్నది ఇన్సులిన్ సంగతి. ఎలుక కాలేయం నుంచి తీసిన ఒక ఎంజైమ్ తాజాగా కొలిస్తే తక్కువ పనిచేసింది, కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ కొలిస్తే బాగా పనిచేసింది. ఇంకొకరైతే పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారేమో. ఎంజైమ్ ఏదో సంచిలో ఉంది, సంచి చిరిగాక బయటపడింది అని ఆయన పట్టుకున్నాడు. 1955లో ఆ సంచికి లైసోజోమ్ అని పేరుపెట్టాడు. 1974లో నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇక కొవ్వు ఆ సంచిలోకి ఎలా వస్తుందన్నది టెక్సస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ తేల్చారు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ అనే పొట్లాన్ని కణం పైనున్న రిసెప్టర్ పట్టి లోపలికి లాగుతుంది. పొట్లం లైసోజోమ్‌కు చేరుతుంది, అక్కడి ఎంజైమ్ దాన్ని విప్పి కొలెస్ట్రాల్‌ను విడదీస్తుంది. విడిపోయిన కొలెస్ట్రాల్ బయటికొచ్చి కణం పొరలకు పోవాలి. తగినంత చేరిందని తెలిస్తే కణం సొంత తయారీ తగ్గిస్తుంది. దీనికి 1985లో నోబెల్ ఇచ్చారు.

టైప్ సి మాత్రం అందరినీ తప్పుదారి పట్టించింది. 1966లో రోస్కో బ్రేడీ బృందం నీమన్-పిక్‌లోనే మరో రకమైన టైప్ ఎ పిల్లల్లో స్ఫింగోమైలిన్ అనే కొవ్వును విరగ్గొట్టే ఎంజైమ్ లేదని కనిపెట్టింది. పేరు ఒకటే కాబట్టి సి కూడా అలాంటిదే అనుకున్నారు. 1980లలో పీటర్ పెంచెవ్ ఒక ఎలుక జాతిలో, తర్వాత పిల్లల కణాల్లో అసలు తేడా చూశాడు: బయటి నుంచి వచ్చిన కొలెస్ట్రాల్‌ను ఆ కణాలు వాడుకోలేకపోతున్నాయి. పొట్లం విప్పడం బాగానే జరుగుతోంది, సరుకు మాత్రం లైసోజోమ్ దాటడం లేదు. 1997లో ఎన్‌పీసీ-1 జన్యువు, 2000లో ఎన్‌పీసీ-2 దొరికాయి. కొవ్వు నీళ్లలో ఒంటరిగా నడవలేదు కదా, ఎన్‌పీసీ-2 ప్రొటీన్ దాన్ని చెయ్యిపట్టి తెచ్చి, లైసోజోమ్ గోడలో ఉన్న ఎన్‌పీసీ-1 ప్రొటీన్‌కు అప్పగిస్తుంది. (ఎబోలా వైరస్ కణంలోకి దూరడానికీ ఈ ఎన్‌పీసీ-1నే వాడుకుంటుందని 2011లో తేలింది. అది వేరే కథ.)

అందుకే ఈ పిల్లలకు మామూలు కొలెస్ట్రాల్ టెస్ట్ చేస్తే ఏమీ బయటపడకపోవచ్చు. పుట్టినప్పటి కామెర్లు త్వరగా తగ్గకపోవడం, ప్లీహం పెరగడం, కొన్నేళ్లకు తూలుతూ నడవడం, కళ్లను పైకీ కిందికీ చురుగ్గా తిప్పలేకపోవడం, చదువులో వెనకబడటం. వీటన్నిటినీ ఒక్క జబ్బుగా చూసేవాళ్లు తక్కువ. లక్ష మందిలో ఒకరికి వచ్చే జబ్బు, డాక్టర్లను తప్పుపట్టడం కష్టమే.

చిత్తూరు వైపు మనకు ఇందులో ప్రత్యేకంగా ఆలోచించాల్సింది మేనరికం. తల్లిదండ్రులిద్దరి నుంచీ తప్పున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనమామనో మేనబావనో చేసుకున్నచోట ఒకే తాత నుంచి ఆ తప్పు ఇద్దరికీ చేరే అవకాశం పెరుగుతుంది. ఇద్దరూ వాహకులైతే, అంటే చెరొక తప్పు జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. 'మా పెద్దోళ్లంతా మేనరికమే, ఎవరికీ ఏమీ కాలేదు' అనే మాట నిజమే కావచ్చు, కానీ వాహకుల్లో లక్షణాలు సాధారణంగా బయటపడవు.

కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. దాని పరిధిలోని జబ్బులకు గుర్తించిన కేంద్రాల్లో ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల వరకు పెంచింది. ఆ కేంద్రాల్లో హైదరాబాద్ నిమ్స్ ఒకటి. మనవాళ్లు చాలామందికి అలవాటైన దారి మాత్రం వేలూరుదే. మందుల విషయానికొస్తే, 2024 సెప్టెంబర్‌లో అమెరికా ఈ జబ్బుకు రెండింటిని అనుమతించింది. నరాల లక్షణాలకు అవి పనికొస్తాయి గానీ జబ్బును మాన్పవు.

తర్వాతి కాన్పులో మూడో నెలకల్లా మాయ ముక్క తీసి పరీక్ష చేయించుకునే వీలుంది. అయితే జన్యువులో తప్పు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. అందుకే మొదటి బిడ్డ రిపోర్టులు పారేయకుండా ఫైల్లో దాచుకోమని జన్యు వైద్యులు చెబుతుంటారు.