గోదావరిలోకి పెద్ద ఓడ ఎందుకు రాదు?

చిరంజీవులకు ఆశీస్సులు.

విశాఖపట్నం వచ్చిన విహార నౌక ఫొటోలు చూసి, అలాంటి ఓడను ప్రభుత్వం మన గోదావరికి ఎందుకు తీసుకురాదని అడిగారు. ఓడ కంపెనీది, లాభనష్టాలూ కంపెనీవే. అది వచ్చి ఆగడానికి చోటు, అనుమతి, దిగినవాళ్లకు కావలసిన సదుపాయం సమకూర్చడం వరకే ప్రభుత్వం పని. ఆ పని కూడా ఒక్క ప్రభుత్వం చేతిలో లేదు.

విశాఖ సంగతే చూడండి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ అక్కడికి వచ్చేనాటికి ప్రయాణికుల కోసం ప్రత్యేకమైన టెర్మినల్ లేదు. దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. విశాఖ రేవు కేంద్రం కిందిది కాబట్టి రాష్ట్రం బాధ్యత రేవు గేటు బయట మొదలవుతుంది. పొద్దున దిగినవాళ్లు సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కాలి, తిండీ నిద్రా ఓడలోనే, అందువల్ల ఊళ్లోని హోటళ్లకు మిగిలేది తక్కువ. ఆ కొద్ది గంటల్లో వాళ్లను సింహాచలమో కైలాసగిరో తిప్పి తెచ్చే కారు డ్రైవర్లకు, గైడ్లకు, ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవాళ్లకు నాలుగు డబ్బులు వచ్చేలా చూడగలిగితేనే ఇంత ఖర్చుకూ అర్థం ఉంటుందని నా అభిప్రాయం. 2024–29 పర్యాటక విధానంలో మన రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ రాయితీలు పెద్ద పెట్టుబడిదారుల దగ్గరే ఆగిపోకూడదు.

స్థానిక ప్రభుత్వం కాదంటే ఓడ ఆగదన్న సంగతీ తెలుసుకోండి. అదే ఎంప్రెస్‌కు 2022లో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఓడలో జూదశాల ఉండటం మీద అక్కడ పెద్ద గొడవే జరిగింది. (మన పక్కనున్న యానాం కూడా ఆ ప్రభుత్వం కిందిదే.) మూడేళ్ల తర్వాత, 2025లో, ఆ ఓడ పుదుచ్చేరిలో ఆగింది.

ఇక గోదావరి. సముద్రపు ఓడ అడుగుభాగం నీటిలోకి కొన్ని మీటర్ల లోతున దిగి ఉంటుంది. మన నదిలో ధవళేశ్వరం దిగువన, వరద రోజులు పోతే, ఎటు చూసినా ఇసుక మేటలే. సముద్రంలో కలిసేచోట ఆ ఇసుక ఏటా చోటు మారుస్తుంది, కాబట్టి ఒకసారి తవ్వి వదిలేస్తే సరిపోదు. కాకినాడకైతే సముద్రపు ఓడలు వస్తాయి గానీ అవి ఎక్కువగా సరుకు ఓడలు. అందుచేత మనకు తగినవి నదిలో తిరిగే లాంచీలు, దిండిలో ఉన్నలాంటి హౌస్‌బోట్లు. వీటి విషయంలో రాష్ట్రం బాధ్యత మరీ పెద్దది, ఎందుకంటే 2021లో పార్లమెంటు చేసిన అంతర్గత నౌకల చట్టం ప్రకారం పడవను నమోదు చేయడం, సర్వే చేయించి అది ప్రయాణానికి పనికొస్తుందని పత్రం ఇవ్వడం రాష్ట్రం నియమించిన అధికారుల పని.

ఆ పత్రం ఎంత ముఖ్యమో చెప్పడానికి కచ్చులూరును తలుచుకోక తప్పదు. 2019 సెప్టెంబరు 15న, నది వరద మీద ఉండగా, పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే లాంచీ అక్కడ మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. మునిగిన లాంచీని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఆ తర్వాత ప్రయాణాలు చాలాకాలం ఆగాయి, 2020లో ప్రభుత్వం పడవల రాకపోకలను గమనించడానికి తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టింది. వాటివల్ల యాత్రికులు తగ్గుతారనీ, వ్యాపారం దెబ్బతింటుందనీ గొణిగినవాళ్లు ఉండవచ్చు. వరద మట్టం చూసి ఇవాళ లాంచీ కదలదని చెప్పే అధికారి లేని రేవులో ఎన్ని కోట్లతో జెట్టీ కట్టినా, మిమ్మల్ని ఆ లాంచీ ఎక్కనివ్వను. ఎక్కినప్పుడు మాత్రం లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పి పక్కన పెట్టకండి.

మీరు అడగకపోయినా కాలువల గురించి కూడా రాయాలి. కాటన్ దొర హయాంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవ దారులుగానూ పనికొచ్చాయి. లాకుల దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం పెంచి, పడవను ఎగువకు ఎక్కించేవారు. కాకినాడ నుంచి రాజమండ్రి వరకు 50 కిలోమీటర్ల కాలువ, అక్కడినుంచి బెజవాడ వరకు 139 కిలోమీటర్ల ఏలూరు కాలువ, రెండూ 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగాలే. కాగితం మీద దారి ఉంది. నిజానికి చాలాచోట్ల వంతెనలు పడవ దూరనంత కిందికి కట్టారు, లాకులు పాతబడ్డాయి, గుర్రపుడెక్క అల్లుకుంది, పైగా ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. సరిగ్గా మీకు సెలవులు వచ్చే రోజులవి. ఒక వంతెన ఎత్తాలంటే రోడ్ల శాఖ, లాకు బాగుచేయాలంటే జలవనరుల శాఖ, పడవకు అనుమతి ఇవ్వాలంటే మరో శాఖ. అన్నీ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. రైతులకు వంతులవారీ నీళ్లలో కోత పడకూడదు. కొత్త ఓడ కొనడం కన్నా ఇది కష్టం, ఫొటోలకు అంత బాగా కనబడదు కూడా. అయినా నన్ను అడిగితే డెల్టాలో మొదలుపెట్టవలసిన పని ఇదే అంటాను.

మీ తాతయ్య